ఐదు పెట్టెల అమ్మలు, ఒక పాల మరక

ఆ యేడు వానలు మొదలైనంక వచ్చిన రెండో గురువారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. టైము నాకు పక్కాగా తెలుసు. ఎందుకంటే ఏ షాటులో ఏ బట్ట ఎట్లుండెనో రాసిపెట్టే కంటిన్యుటీ పుస్తకంలో నా చేత్తో నేనే రాసిన: "పదకొండు పది. చీర తడిసింది. నీళ్ళు."

యాభై మూడేండ్లకు అక్షరాలు నేర్చుకున్నదాన్ని. నేర్చుకున్న రెండో నెలలో రాసిన మాటలవి. చీర తడిసిన మాట నిజం. నీళ్ళు అన్నది అబద్ధం.

ఇప్పుడు సినిమాల్లో బట్టల పనికి వస్తున్న పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా ముచ్చట్లు చెప్పుమంటరు. హీరో ఏం తింటడు, హీరోయిన్‌కు కోపమెక్కువనా, ఇవే అడుగుతరు. నాకేం తెలుసు? వాళ్ళ బట్టలు వేరేవాళ్ళు చూసేది. నాకు తెలిసింది అమ్మలు. పద్దెనిమిదేండ్లు సినిమా అమ్మలకు చీరలు కట్టిన. అందుకే వాళ్ళ ముచ్చటే చెప్తున్న, వినేటోళ్ళు వినుండ్రి.

మాది మహేశ్వరం దిక్కు ఒక ఊరు. ఎయిర్‌పోర్టు వచ్చినంక మా జొన్నచేన్లు ప్లాట్లయినయి, ప్లాట్లు ఫామ్‌హౌసులయినయి, ఫామ్‌హౌసులు షూటింగు ఇండ్లయినయి. నేను మొదట అక్కడ బాసండ్లు తోమటానికి పోయిన. ఒకనాడు అమ్మ వేషమామె కుచ్చిళ్ళు జారిపోతుంటే చూడలేక పోయి సరిచేసిన. బట్టల మాస్టరు చూసి, "రేపటి నుంచి గిన్నెలు వదిలెయ్, చీరలు పట్టుకో" అన్నడు. గట్ల పడ్డ ఈ పనిలో.

మాస్టరు కాడ అమ్మలకు ఐదు పెట్టెలుండె. పెట్టెల మీద పేర్లు రాసి ఉండేటివి, నాకేమో అక్షరం రాదు. అందుకని పెట్టెల పిడికి గుడ్డపేలికతో ముడులు వేసుకున్న.

ఒక ముడి ఏడుపు అమ్మ. కుటుంబ సినిమాలవన్నీ ఈమెవే. కొత్త నూలుచీర తెచ్చి, ఇటుకపెళ్ళతో రుద్ది, టీ నీళ్ళల్లో నానబెట్టి ముసలిది చేస్తం. జాకెట్టుకు మోచేతి కాడ అతుకు వెయ్యాలె, అతుకు దారం మాత్రం మ్యాచింగు ఉండాలె. బీదరికం కూడ చూడ సక్కగుండాలంటరు. ఈమెకు ఒక కుట్టుమిషను ఉంటది, ఒక దగ్గు ఉంటది, మొగుడు ఉండడు. పద్దెనిమిదేండ్లలో ఆ మిషను మీద ఒక్క జాకెట్టు పూర్తయింది నేను చూడలే.

రెండు ముడులు ఫైటింగు సినిమా అమ్మ. పట్టుచీర, రూపాయి బిళ్ళంత బొట్టు. సినిమా మొదటి సగంలో కొడుక్కు అన్నం కలిపి పెడతది. రెండో సగంలో విలన్లు ఎత్తుకపోయి, కొత్తూరు దిక్కు మూతబడ్డ ఏదో ఫ్యాక్టరీలో కుర్చీకి కట్టేస్తరు. తాడు ఎంత బిగ్గర కట్టినా కొంగు మడతలు చెదరొద్దు, అది నా పని. రౌడీ వేషాలోళ్ళు పాపం మంచోళ్ళు, "అక్కా, ఈడ కట్టాల్నా, పిన్నీసు పొడుస్తదా ఆమెకు?" అని అడిగి కట్టేటోళ్ళు.

మూడు ముడులు దయ్యం అమ్మ. తెల్లచీర, ఇరబోసుకున్న జుట్టు. అన్ని సినిమాల్లో కోపం వచ్చేది ఈ ఒక్క అమ్మకే. మన సినిమాల్లో తల్లికి కోపం రావాలంటే ముందు ఆమె సచ్చిపోవాలె. బతికుండి కోపం చేస్తే తల్లి అనరు, అత్త అంటరు.

నాలుగు ముడులు నవ్వుల అమ్మ. నైటీ, దాని మీద తువ్వాల, చేతిలో గరిటె. కొడుకును తిడతది, మొగున్ని తిడతది, ఉప్మా చేస్తది. ఆ ఉప్మా బాగలేదని అందరు నవ్వుతరు. తిని పారేసినోడు మంచోడు, చేసినామె జోకు.

ఐదు ముడులు కొత్త రకం అమ్మ. ఆమె చీరకు ఇస్త్రీ వద్దంటరు. బాల్కనీలో చెట్లకు నీళ్ళు పోస్తది, కొడుకుతో దోస్తు లెక్క మాట్లాడతది. ఆమె వంటిల్లు మా చర్చికన్నా పెద్దగుంటది, అందులో ఒక్క ఎంగిలి గిన్నె కనపడదు. ఎవరు తోముతున్నరో సినిమా అయిపోయేదాక చెప్పరు.

ఒకసారి మూడో పెట్టె ముడి ఒకటి ఊడిపోయి రెండయింది, రెండో పెట్టె ముడి తడిసి మూడు లెక్క ఉబ్బింది. అర్జెంటుగా రమ్మన్నరని తడుముకుని తీసి, ఫైటింగు అమ్మకు తెల్లచీర కట్టిన. ఆమె ఆ చీరతోనే టీ కప్పు తెచ్చి మొగుని వేషమాయనకు ఇచ్చింది. ఎవరికీ ఏమీ తోచలే. ఒక పూటంతా తీసిండ్రు. మధ్యాహ్నం అన్నాల కాడ ఆ మొగుని వేషమాయన మెల్లగా వచ్చి, "అమ్మా, కథ మార్చిండ్రా? నేను సచ్చిపోయిన్నా?" అని అడిగిండు.

మాస్టరు నన్ను ఏమీ తిట్టలే. "ముడులు ఇగ చాలు, అక్షరాలు నేర్చుకో" అన్నడు. మా చర్చిలో టీచరమ్మ కాడ ఆదివారం ఆదివారం కూసోని నేర్చుకున్న. బైబిలు చదువుకుందామని మిగిలినోళ్ళు వచ్చేటోళ్ళు. నేను పెట్టెలు చదువుదామని పోయిన.

ఇంకో మాట చెప్పాలె. మా కాడ అన్ని మరకలకు ఉపాయం ఉండె. రక్తానికి బెల్లంపాకంలో ఎర్రరంగు. మట్టికి ఎండబెట్టిన రేగడి. పసుపు, నూనె, టీ, మసి, దేనికదే డబ్బా. పాల మరక మాత్రం ఒక్క డైరెక్టరు కూడ అడగలే. ఐదు పెట్టెల అమ్మల్లో ఒక్కదానికి కూడ పాలు రాలే.

ఆ గురువారం ముచ్చటకు వస్తున్న.

శంషాబాదుకు, మహేశ్వరానికి నడుమ ఒక ఫామ్‌హౌసు. సరిగ్గా విమానాలు దిగే తోవ కింద ఉంటది. విమానం వస్తే సౌండు చూసేటాయన చెయ్యి లేపుతడు, అందరు ఎక్కడోళ్ళక్కడ బొమ్మల్లెక్క నిలబడాలె. పోయినంక చెయ్యి దించుతడు, మళ్ళ బతుకుతం.

డైరెక్టరు కోస్తా దిక్కు పిల్లగాడు, మర్యాదస్తుడే. అందరిని అండీ అంటడు. ఆయన సినిమాలో ఒకే అమ్మ మొదట ఏడుస్తది, నడుమ విలన్ల చేతిలో సస్తది, చివరికి దయ్యమై వచ్చి కొడుక్కు సాయం చేస్తది. అంటే ఒక్క అమ్మకు నా పెట్టెలు మూడు ఖాళీ. ముసలితనం అమ్మ వేషం ఒక సీనియరు నటి వేస్తున్నది. అందరు మేడమ్ అంటరు. హీరోకన్నా ఆమె మూడేండ్లు చిన్నది. తెల్ల వెంట్రుకలు పెట్టి సరిచేసిండ్రు.

ఆనాడు పొద్దున తియ్యాల్సింది అమ్మ పడుచుతనం. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకుని, "నా లోకం నువ్వే రా కన్నా" అనాలె. మధ్యాహ్నం తియ్యాల్సింది మేడమ్ చావు. రెండింటికి ఒకటే చీర, ఆ తల్లి జన్మంతా దాచుకున్న చీరన్నట్టు. మా పనిలో ఒక పద్ధతి ఉన్నది. అసొంటి చీర ఒకటే తీరుది మూడు తెస్తం. ఒకటి కట్టుకునేటందుకు, ఒకటి పాడైతే మార్చేటందుకు, ఒకటి రక్తానికి. రక్తం చీరను ముందే కత్తిగాటు పెట్టి, లోపల సంచి కుట్టి, పక్కకు పెడతం. దాన్ని ఎవరూ ముట్టొద్దు.

పడుచు అమ్మ వేషానికి, గుంపు మనుషులను తెచ్చే ఏజెంటు ఒక కొత్తూరు పిల్లను తెచ్చిండు. ఇరవై రెండేండ్లుంటయి. అప్పటిదాక గుంపులో నిలబడ్డ పిల్ల. పెండ్లి గుంపు, బస్టాండు గుంపు, ధర్నా గుంపు. ఒక్కదాన్నే నిలబెట్టి ఒక్క మాట చెప్పించుడు అదే మొదలు. ఆ ఒక్క మాట సక్కగ చెప్తే గుంపులకెళ్ళి బయటపడతది. చెప్పలేకపోతే మళ్ళ బస్టాండే.

చీర కడుతుంటే చూసిన, జాకెట్టు లోపల బట్ట రెండు మడతలు పెట్టుకున్నది.

"ఎన్ని నెలలు?" అన్న.

పిల్ల కొంగు దగ్గరికి గుంజుకున్నది. "మూడు, అక్కా."

"బిడ్డ ఏడ?"

"గేటు కాడ మా అత్త ఎత్తుకున్నది. జర ఎవ్వలకు చెప్పకు అక్కా, నీ కాల్మొక్త. పాలిచ్చేటోళ్ళను ఏజెంటు తీస్కరాడు. గంటకోపారి బ్రేకు అడుగుతరంటడు. నాకు లగ్గమైందని గూడ చెప్పలే."

"ఇయ్యాల నీది తల్లి వేషమే గద?"

"ఏమో అక్కా. వేషానికి తల్లి కావాల్నంట, పనికి తల్లి వద్దంట."

సీనులోకి బిడ్డను కిరాయికి తెచ్చిండ్రు. నాలుగు నెలల మొగపిల్లగాడు. వాని తల్లిని గేటు కాడనే ఆపిండ్రు, లోపల గుంపు వద్దని. ఒక అసిస్టెంటు డైరెక్టరు వాణ్ని కెమెరా పెట్టె లెక్క రెండు చేతులతో ఎత్తుకుని వచ్చి పిల్ల ఒడిలో పెట్టిండు.

ఒడిలో పెట్టంగనే వాడు ఏడుపు లంకించుకున్నడు. ఆకలి ఏడుపు. అది కన్నోళ్ళకు వేరే చెప్పనక్కర్లే. కొత్తూరు పిల్ల నోరు తెరిచింది, మాట రాలే, తల వంచి తన చీర చూసుకున్నది. కుడిదిక్కు కొంగు మీద అరచెయ్యంత తడి.

"కట్!" అన్నడు డైరెక్టరు. "ఏంటండీ అది చీర మీద? అమ్మగారూ, తడి చీర కట్టారా?"

నేను ముందుకు పోయి, "నాదే తప్పు సారూ. ఇస్త్రీకి చల్లిన నీళ్ళు ఆరలే" అన్న. పోయి పుస్తకంలో రాసిన. పదకొండు పది. నీళ్ళు.

రెండో చీర కట్టిన. షాటు పెట్టంగనే విమానం వచ్చింది. సౌండాయన చెయ్యి లేపిండు. అందరం బొమ్మలైనం. ఒడిలో పిల్లగానికి ఈ కట్టుబాటు తెలువదు గద, వాడు విమానంతో పోటీ పడి ఏడ్చిండు. విమానం పొయ్యేసరికి రెండో చీర రెండుదిక్కుల తడిసింది.

"అమ్మగారూ," అన్నడు డైరెక్టరు, ఈసారి మర్యాద పల్చబడ్డది, "ఇంకొక్క తప్పు జరిగితే మీరు ఇంటికెళ్ళిపోవచ్చండీ."

మాస్టరు ఉరికొచ్చి నా చెవిలో, "ఏం జేస్తున్నవ్? మూడో చీర ముడితే చూడు. మధ్యాహ్నం మేడమ్‌ను ఏం కట్టి సంపాలె?" అన్నడు.

పిల్ల నా చెయ్యి పట్టుకుని మా బట్టల వ్యాను వెనక్కు గుంజింది. "అక్కా, బట్ట పెట్టి బిగ్గర కట్టెయ్. ఎంత బిగ్గరైనా ఓర్సుకుంట."

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలె. అంతకు ఎన్నో ఏండ్ల ముందు ఇంకో పిల్లకు గట్లనే కట్టిన. పొద్దటి నుంచి పొద్దుమీకేదాక. షాటు బాగొచ్చిందని అందరు మెచ్చుకున్నరు. ఆ పిల్లకు గడ్డలు కట్టి, జరం వచ్చి, దవాఖానలో పడ్డదని తర్వాత ఎవరో అన్నరు. మళ్ళ ఆమె పనికి రాలే. ఏమైందో నేను పోయి అడగలే. పని తెలిసినదాన్నని అప్పట్లో నాకు మస్తు గర్వముండె.

"కట్టను" అన్న. "ఎవ్వలకూ కట్టను."

డైరెక్టరు షాటు చూసుకునే మానిటరు కాడికి పోయిన. చుట్టూ నలభై మంది మొగోళ్ళున్నరు. డైరెక్టరు అసిస్టెంట్లకు పాఠం చెప్తున్నడు: "ఈ షాట్ చూస్తే ప్రేక్షకుడికి వాళ్ళ అమ్మ గుర్తుకు రావాలయ్యా. ఆ పాల వాసన థియేటర్ అంతా రావాలి." అదే సినిమా చివర్లో హీరో విలన్‌ను అమ్మ పాలు తాగినవా లేదా అని సవాలు చేసే డైలాగు కూడ ఉన్నది. అది ఇంకా తియ్యనే లేదు, అందరు అప్పటికే కంఠతా పట్టిండ్రు.

"సారూ, అవి నీళ్ళు కావు. పాలు."

"పాలా? ఎవరు ఒలకబోశారు? ప్రొడక్షన్! టీ ఎవరిస్తున్నారయ్యా?"

"టీ పాలు కావు సారూ. ఆ పిల్ల పాలు. బాలింత ఆమె."

విమానం లేదు. అయినా నలభై మంది బొమ్మలైండ్రు. ఒకాయన ఫోను చూసుకున్నడు. ఒకాయన ఖాళీ ఆకాశం దిక్కు చూసిండు. లైట్లాయన వెలుగుతున్న లైటును మళ్ళ వేసిండు. అమ్మ పాల డైలాగు రాసిన రైటరు ఉన్నడు, ఆయన తన చెప్పుల దిక్కు చూసిండు.

మొదలు తేరుకున్నది ఏజెంటు. "నాకు తెల్వదు సార్, ఒట్టు! నాకు చెప్పలే. ఇంకో అమ్మాయిని పిలిపిస్త. ఈసారి పెండ్లిగానిదాన్నే తెస్త."

"అదే మంచిదండీ," అన్నడు డైరెక్టరు, నా దిక్కు చూడకుండ. "తల్లి పాత్ర అంటే కాస్త ఫ్రెష్‌గా ఉండాలి కదా."

పిల్ల వ్యాను పక్కన నిలబడి అంతా విన్నది. ఏడవలే. కొంగుకు పెట్టిన పిన్నీసులు ఒక్కొక్కటి తీసి నాకియ్యబట్టింది. నాకు అప్పుడు అర్థమైంది. అబద్ధం చెప్పినంతసేపు ఆమె పనిలో ఉన్నది, నిజం చెప్పి ఒక్క నిమిషంలో తీసేయించిన.

చెట్టు నీడకు కుర్చీలో మేడమ్ కూర్చున్నది. సగం తల తెల్లగైంది, నొసటి మీద గాయం రంగు ఇంకా తడిగనే ఉన్నది. అద్దం పక్కకు పెట్టి అన్నది: "డైరెక్టరు గారూ, ఆ అమ్మాయి వెళ్ళి పాలిచ్చి వచ్చి, ఆ మాట చెప్పాలి. అప్పటిదాకా నేను చావను."

"మేడమ్, మధ్యాహ్నం మీ డెత్ సీన్..."

"అదే చెప్తున్నా, చావను. ఇప్పటికి ఎన్ని సినిమాల్లో చచ్చానో నాకే గుర్తు లేదు. ఒక్కరూ నన్నడిగి చంపలేదు. ఈసారి ఇది నా షరతు."

డైరెక్టరు ముఖంలో లెక్కంతా కనపడ్డది. ఈమె సావకపోతే దయ్యం కాదు. దయ్యం కాకపోతే రెండో సగం లేదు. "పదిహేను నిమిషాలు బ్రేక్," అన్నడు.

పిల్ల బిడ్డను తెద్దామని నేను గేటు కాడికి ఉరికిన. వానకు కట్టిన తాటిపత్రి పట్టా కింద పిల్ల అత్త, కిరాయి పిల్లగాని తల్లి పక్కపక్కన కూర్చున్నరు. కొత్తూరు పిల్ల బిడ్డ కిరాయి పిల్లగాని తల్లి ఒడిలో ఉన్నది. పొట్ట ఉబ్బి, నోరు తెరిచి, నిద్రలో ఉన్నది.

"ఆకలికేడ్చింది అక్కా," అన్నది ఆ తల్లి. "నా కొడుకును లోపటికి తీస్కపోయిండ్రు గద, నాకు గట్టిపడి నొస్తున్నది. ఇచ్చిన."

అత్త నా ముఖం చూసి, "ఏమైతది? మా ఊళ్ళ ఇస్తనే ఉంటరు," అన్నది.

"మరి నీ కోడలు లోపట పాలతోని పరేషాన్ అయితున్నది," అన్న.

కిరాయి పిల్లగాని తల్లి నవ్వింది. "మా వోడు ఆకలితోని సస్తున్నడు. ఆమెను పట్టుమను. ఇద్దరి బాధ తీరుతది."

వ్యానులో ఈ ముచ్చట చెప్తే కొత్తూరు పిల్ల ఒక్కసారే నవ్వింది, ఏడ్చింది. అసిస్టెంటు డైరెక్టరు చేతిలో పిల్లగాణ్ని గుంజుకొచ్చి ఆమెకిచ్చిన. వాడు గుటగుట తాగిండు. నేను ఆ లోపు మొదటి చీర ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టిన. పద్దెనిమిదేండ్లలో అంత మంచి సీను నేను చూడలే. కెమెరా బయట ఉండె.

ఆ తర్వాత షాటు ఒక్క టేకులో అయింది. పిల్లగాడు పెదవి మీద పాలచుక్కతో ఒడిలో నిద్రపోయిండు. పిల్ల మాట చెప్పింది, మెల్లగా, వాడు లేవకుండ. డైరెక్టరు కుర్చీలకెళ్ళి ఎగిరిండు. "ఇదీ! ఇదే నేను మొదటినుంచి అడుగుతున్నది! మాతృత్వం అంటే యాక్టింగ్ కాదయ్యా!" అని మాకు చెప్పిండు. మేము తలలూపినం. మూడు గంటలకు మేడమ్ మాట తప్పకుండ సచ్చిపోయింది.

సినిమా వచ్చినంక శంషాబాదు థియేటరులో చూసిన. పిల్లగాడు ఒడిలో నిద్రపోయిన షాటులో మాట ఉన్నది గాని గొంతు వేరేది. విమానం విమానానికి ఆగి తీసిన మాటకు ఇంకెవరి గొంతో అతికించిండ్రు. దానికి ముందు పిల్ల తల వంచి చూసే చూపు ఉన్నది. ఆ చూపు నేను గుర్తుపట్టిన. అది మొదటి టేకు, చీర తడిసిందా అని భయపడి చూసిన చూపు. మరకను కంప్యూటరులో తుడిచేసిండ్రు. నా పక్క సీటులో ఎవరో ఒకామె ఆ చూపుకు కండ్లు తుడుచుకున్నది.

ఏజెంటు మాత్రం వారంలోనే పిల్లకు ఫోను చేసిండు. ఇప్పుడు డైరెక్టర్ల కాడ, "నా కాడ ఒరిజినల్ తల్లి ఉన్నది సార్" అని చెప్పుకుంటడంట. గుంపులకెళ్ళి బయటపడ్డది పిల్ల. పోయినసారి కలిసినప్పుడు తల మీద తెల్ల వెంట్రుకలు పెట్టి ఉన్నయి. ఇరవై ఏడేండ్లు ఆమెకు.

ఆ రోజు థియేటరులో అందరు లేచిపోయినంక కూడ నేను కూర్చున్న. చివర్ల పేర్లు వస్తయి గద, చదువుదామని. అవి పైకి ఉరుకుతుంటే నేను కూడబలుక్కుంట ఎంబడి పడ్డ. మాస్టరు పేరు దొరికింది. కొత్తూరు పిల్లది, గేటు కాడి వాళ్ళది, నాది దొరకలే. నేను చదవకముందే పోయినయనుకుని ఇంకోసారి టికెట్టు కొని పోయిన. లేవు.

అందుకని ఇక్కడ రాస్తున్న. వాళ్ళను అడగలే కాబట్టి పేర్లు పెట్టను, మనుషులను పెడత. ముందు ఆ పుస్తకంలో మాట సరిచేస్తున్న: పదకొండు పది. చీర తడిసింది. పాలు.

ఆ గురువారం అక్కడున్నోళ్ళు: మర్యాదస్తుడు డైరెక్టరు. చెప్పులు చూసుకున్న రైటరు. చెయ్యి లేపి దించిన సౌండాయన. వెలుగుతున్న లైటును వేసిన లైట్లాయన. బిడ్డను కెమెరా పెట్టె లెక్క మోసిన అసిస్టెంటు. ఏజెంటు. ఇంకో ముప్పై మందికి మీద మొగోళ్ళు. మూడో చీర కాపాడిన మాస్టరు. సావనన్న మేడమ్. పుస్తకంలో అబద్ధం రాసిన నేను. కొత్తూరు పిల్ల. ఆమె అత్త. గేటు కాడ ఆగిపోయిన ఒక తల్లి. ఆమె కొడుకు, నాలుగు నెలలోడు, కెమెరా ముందు నిద్రపోయిండు. ఒక ఆడపిల్ల, మూడు నెలలది, తాటిపత్రి కింద కడుపు నిండ తాగి పండుకున్నది.